పడిపోయిన క్షణంలో గుండె ఏం చేసింది?

గుండె లయ తప్పి చనిపోయిన కుర్రాడి శవపరీక్షలో చాలాసార్లు ఏమీ దొరకదు. రక్తనాళాలు శుభ్రంగా ఉంటాయి, కండరం గట్టిగా ఉంటుంది, కవాటాలు సరిగానే ఉంటాయి. లయ ప్రాణం ఉన్నంతసేపే ఉండే సంగతి. దాన్ని బతికుండగానే పట్టుకోవాలి. అందుకే పదహారేళ్ల అమ్మాయో, ఇరవయ్యేళ్ల అబ్బాయో ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతే ఇంటిల్లిపాదీ గుండె పరీక్ష కోసం పరుగెత్తడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ పరుగు తరచు ఒకచోటే ఆగిపోతుంది. ఒంటికి హోల్టర్ (గుండె లయను రోజంతా నమోదుచేసే పెట్టె) కట్టుకుని ఒకరోజు తిరగడం, "అంతా నార్మల్" అన్న కాగితం చేతపట్టుకుని ఇంటికి రావడం. ఆ నార్మల్‌కి విలువెంత? పడిపోయే పిల్లల గుండెను ఎప్పుడు, దేనితో, ఎంతకాలం గమనించాలి? ఈ ప్రశ్న దగ్గర వైద్యం ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం.

మన గోదావరి జిల్లాల నుంచే మొదలుపెడదాం. గుండె జబ్బుల పరిశోధనకు ఇవి కొత్త కావు. 2003-04లో బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనవి కలిసి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలు ఎంచుకున్నాయి. సుమారు 1,80,000 జనాభా. ఏడాదిలో 1,354 మరణాలు. కార్యకర్తలు ప్రతి ఇంటికీ వెళ్లి పోయినవారు ఎలా పోయారో, చివరి ఘడియల్లో ఏమేం కనిపించిందో అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు చదివి డాక్టర్లు కారణం తేల్చారు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల వాటా 12 శాతమే. పల్లెటూళ్లలో గుండె జబ్బులేమిటి అనుకునే రోజుల్లో ఆ అంకె చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది.

ఆ తర్వాత ఈ ప్రాంతంలో జరిగిన పని చాలావరకు ఆ దారిలోనే నడిచింది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, బీపీ చూసి, ముప్పు ఉన్నవాళ్లను డాక్టరు దగ్గరికి పంపే ప్రయోగం జరిగింది. మంచి పని. కానీ ఇదంతా నలభై దాటినవాళ్ల గుండెపోటు, పక్షవాతం కోసం వేసిన లెక్క. బీపీ లేదు, షుగర్ లేదు, సన్నగా ఉన్నాడు, పడిపోతున్నాడు: ఇలాంటి కుర్రాడికి ఆ ట్యాబ్‌లో గడే లేదు. ఈత బాగా వచ్చినవాడు కాలవలో మునిగి చనిపోతే ఏ సర్వే అయినా ప్రమాదమనే రాసుకుంటుంది. అందులో ఎక్కడో ఒకటి గుండె లయ చేసిన పని అయి ఉండొచ్చన్న అనుమానం రావాలంటే, ఆ పిల్లాడు అంతకుముందు ఎప్పుడైనా పడిపోయాడా అని ఎవరో అడిగి ఉండాలి.

ముందు భయం తగ్గించే మాట. యువతీ యువకులు సొమ్మసిల్లడానికి అతి సామాన్యమైన కారణం గుండె జబ్బు కాదు. బడిలో ప్రార్థన సమయంలో ఎండలో నిలబడటం, కార్తీక సోమవారం ఉపవాసం ఉండి గుడి క్యూలో గంటలకొద్దీ నిలబడటం, రక్తం తీసే సూది చూడటం, పెళ్లిపందిట్లో ఉక్కపోత... ఇలాంటప్పుడు కాళ్లలోకి దిగిన రక్తం పైకి చాలినంత రాదు, నాడులు ఒక్కసారిగా రక్తపోటును పడేస్తాయి, గుండె వేగాన్నీ తగ్గిస్తాయి. మెదడుకు రక్తం అందదు. ముందుగా చెవుల్లో హోరు, చెమట, వికారం, కళ్ల ముందు మసక. పడిన నిమిషంలోపే తెలివి వస్తుంది. మన పెద్దవాళ్లు శోష వచ్చిందంటారే, అది ఇదే. డాక్టర్లు వేసోవేగల్ సింకోపీ అంటారు. ప్రాణం మీదికి రాదు. ప్రమాదమంతా పడ్డప్పుడు తగిలే దెబ్బతోనే.

ఒకేచోట అనేకమంది పడిపోతే చూడాల్సింది వేరు. 2020 డిసెంబరులో ఏలూరులో రోజుల వ్యవధిలో వందలమంది మూర్ఛతో, స్పృహ తప్పి పడిపోయారు. ఆసుపత్రి వార్డులు నిండిపోయాయి. ఎయిమ్స్ పరీక్షించిన రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. చివరికి నిపుణులు పురుగుమందుల అవశేషాలవైపే ఎక్కువగా వేలు చూపారు. అలాంటప్పుడు నీళ్లనూ తిండినీ పరీక్షించాలి. ఒక్కడే మళ్లీ మళ్లీ పడుతుంటే మాత్రం అతని గుండెనూ, అతని వంశాన్నీ చూడాలి.

అసలు గట్టిగా అడగాల్సింది ఎప్పుడు పడ్డాడని. పరుగెత్తుతూ పడ్డాడా, పరుగు ఆపాక పడ్డాడా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. కానిస్టేబుల్ ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లు పరుగెత్తి, గీత దాటి నిలబడ్డాక కళ్లు తిరగడం ఎక్కువగా నాడుల సంగతే. మూడో రౌండులో, పరుగు మధ్యలో, కొట్టేసినట్టు కూలిపోవడం మాత్రం గుండె సంగతి కాదని తేలేదాకా గుండె సంగతే. ఈదుతుండగా పడిపోవడం, పడుకుని ఉండగా స్పృహ తప్పడం, ఫోను మోగినా అలారం మోగినా ఉలిక్కిపడి కూలడం, ఏ సూచనా లేకుండా ముఖం పగిలేలా పడటం, పడేముందు గుండె దడదడలాడటం, ఇవన్నీ అదే కోవ. నలభై ఏళ్లలోపు ఇంట్లో ఎవరైనా అకస్మాత్తుగా పోయారా? నీళ్లలో పోయారా? ఇవి ఇబ్బందికరమైన ప్రశ్నలే. అయినా అడగాలి.

మన జిల్లాల్లో మరో ప్రశ్న తప్పనిసరి. తల్లిదండ్రులది మేనరికమా? పిల్లకు పుట్టు చెవుడు ఉందా? 1957లో జెర్వెల్, లాంగే-నీల్సన్ అనే నార్వే డాక్టర్లు ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టు చెవుడు. ఆ నలుగురూ తరచు సొమ్మసిల్లేవారు. ముగ్గురు చిన్నతనంలోనే హఠాత్తుగా చనిపోయారు. ఈసీజీలో క్యూటీ అనే విరామం (గుండె కింది గదులు ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే వ్యవధి) బాగా సాగి ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ అదే లోపం వస్తేనే ఈ జబ్బు పూర్తిగా బయటపడుతుంది. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో అలా కలిసే అవకాశం పెరుగుతుంది. చెవుడుతో పుట్టిన పిల్లలకు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద కాక్లియర్ ఇంప్లాంట్లు పెట్టిస్తున్న రాష్ట్రం మనది. ఆపరేషన్ ముందు తీసే ఈసీజీని మత్తు డాక్టరు ఒకసారి చూసి పక్కన పెట్టేయకుండా క్యూటీ కొలిచి రాస్తే, ఆ ఒక్క అంకె ఒక ప్రాణం విలువ చేస్తుంది.

ఫిట్స్ గొడవ వేరే. పడిపోయిన పిల్లాడి చేతులు రెండుసార్లు ఎగిరితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు తాళాలగుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, మర్నాటి నుంచి ఫిట్స్ మాత్రలు మొదలవుతాయి. 1994లో బెర్లిన్‌లో లెంపర్ట్ బృందం ఆరోగ్యంగా ఉన్న 56 మందిని కావాలనే సొమ్మసిల్లేలా చేసి వీడియో తీసింది. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 90 శాతం మందికి కాళ్లూ చేతులూ ఎగిరాయి. చాలామంది కళ్లు తెరిచే ఉన్నాయి. అంటే చేతులు కొట్టుకున్నంత మాత్రాన ఫిట్స్ కాదు. నాలుక పక్కన కొరుక్కోవడం, లేచాక చాలాసేపు అయోమయంగా ఉండటం, రెండు మూడు నిమిషాలు ఆగకుండా కొట్టుకోవడం ఫిట్స్ వైపు చూపిస్తాయి. తెల్లగా పాలిపోయి పడటం, పడ్డాక కొన్ని క్షణాలే ఎగరడం, లేవగానే మనుషుల్ని గుర్తుపట్టడం గుండె, రక్తపోటు వైపు చూపిస్తాయి. నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి: ఈసీజీ తీయకుండా ఏ పిల్లాడికీ ఏళ్ల తరబడి వాడే ఫిట్స్ మందు మొదలుపెట్టకూడదు.

ఇక పరీక్షలు. అన్నిటికంటే చవకైనదే అన్నిటికంటే గొప్పది. పన్నెండు లీడ్ల ఈసీజీ పది సెకన్లు రాస్తుంది. పడిపోయిన క్షణాన్ని అది ఎటూ పట్టుకోదు. పడిపోయే గుండె మామూలు రోజున ఎలా ఉంటుందో చూపిస్తుంది. 1930లో వోల్ఫ్, పార్కిన్సన్, వైట్ వర్ణించిన అదనపు విద్యుత్ దారి ఇందులో కనిపిస్తుంది. 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించిన వాలు గీత కూడా. ఈ రెండోది జ్వరంలో పైకి తేలుతుంది కాబట్టి, జ్వరంతో ఉన్నప్పుడు పడిపోయిన కుర్రాడికి ఆ జ్వరంలోనే ఈసీజీ తీయాలి. పుట్టుకతో వచ్చే హార్ట్ బ్లాక్, మందమైన గుండె కండరం జాడలు కూడా ఇక్కడే మొదట దొరుకుతాయి. కండరం మీద అనుమానం వస్తే ఎకో.

క్యూటీ మాత్రం యంత్రం అచ్చువేసిన అంకెకు వదిలేయకూడదు. ఈసీజీ కాగితం మీద చిన్న గడి 40 మిల్లీసెకన్లు. పక్కపక్క రెండు శిఖరాల మధ్య 20 చిన్న గడులుంటే 0.8 సెకను. క్యూటీ 11 గడులైతే 0.44 సెకను. 1920లో బాజెట్ చెప్పిన సూత్రం ప్రకారం 0.44ను 0.8 వర్గమూలంతో భాగిస్తే 0.49 వస్తుంది. అంటే 490 మిల్లీసెకన్లు. పొటాషియం తగ్గడం, మందుల ప్రభావం వంటివేమీ లేకుండా మళ్లీ తీసినప్పుడూ 480 దాటితే అది దీర్ఘ క్యూటీ జబ్బు. గుండె లయ అనుమానించేలా పడిపోయిన పిల్లకైతే 460 దగ్గరే ఆగి ఆలోచించాలి. కానీ ఒక జబ్బు ఈ గీతల్ని పూర్తిగా మోసం చేస్తుంది. పరుగులో, భయంలో, కోపంలో మాత్రమే లయ చెదిరే సీపీవీటీలో మామూలు ఈసీజీ చక్కగా ఉంటుంది, ఎకో చక్కగా ఉంటుంది. ట్రెడ్‌మిల్ ఎక్కిస్తేనే దొరుకుతుంది. ఆడుతూ పడిపోయిన పిల్లాడికి ఈసీజీ నార్మల్ అని ఇంటికి పంపేయకూడదన్నది అందుకే.

ఇప్పుడు హోల్టర్. అమెరికాలోని మోంటానాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ 1940ల చివర్లో వీపున మోసుకుని తిరిగే ఈసీజీ తయారుచేశాడు. బరువు సుమారు 38 కిలోలు. 1961లో సైన్స్ పత్రికలో వ్యాసం రాసేనాటికి అది ఒంటిమీద తేలిగ్గా మోయగలిగే స్థాయికి వచ్చింది. ఇప్పుడు జేబులో పట్టే పెట్టె, ఛాతీకి అయిదారు స్టిక్కర్లు. ఇరవై నాలుగు గంటల్లో దాదాపు లక్ష గుండె చప్పుళ్లు నమోదవుతాయి. మే నెలలో డెల్టా ఉక్కపోతకు ఆ స్టిక్కర్లు అంటుకోవు. చెమటకు ఊడిన లీడు గీసే గీత ఒక్కోసారి ప్రమాదకరమైన లయలాగే కనిపిస్తుంది. కాబట్టి పెట్టేముందు చర్మం తుడిచి ఆరబెట్టడం, ఆ రోజు స్నానం మానేయడం ముఖ్యం. అంతకంటే ముఖ్యం, మంచం మీద పడుకోకపోవడం. పెట్టె కట్టుకున్నాం కదా అని పిల్లాణ్ని కదలనివ్వకపోతే పరీక్ష పెట్టినట్టూ కాదు, మానినట్టూ కాదు. కాలేజీకి వెళ్లాలి, మెట్లెక్కాలి, రోజూ చేసే పనులే చెయ్యాలి. కళ్లు తిరిగినప్పుడు బటన్ నొక్కి, గడియారం చూసి, ఏం చేస్తుండగా వచ్చిందో కాగితం మీద రాయాలి. ఆ కాగితం ఖాళీగా ఉన్న హోల్టర్ రిపోర్టు సగం రిపోర్టే.

రిపోర్టు వచ్చాక ఇంట్లో మరో భయం మొదలవుతుంది. నిద్రలో గుండె నిమిషానికి 42 సార్లే కొట్టుకుందని, మధ్యలో ఒకటిన్నర సెకను ఆగిందని, పాతిక అదనపు చప్పుళ్లు వచ్చాయని చదివి కంగారు పడతారు. ఆరోగ్యంగా ఉన్న యువకుల నిద్రలో ఇవన్నీ మామూలే. మెలకువగా ఉన్నప్పుడు మూడు సెకన్లు దాటిన ఆగుదల, కింది గదుల నుంచి వరసపెట్టి వచ్చే వేగవంతమైన చప్పుళ్లు, పై గదుల సంకేతం ముందస్తు సూచన లేకుండా కిందికి చేరకపోవడం: డాక్టరు వెతికేవి ఇవి.

అసలు చిక్కు కాలవ్యవధిలో ఉంది. మూడు నెలలకోసారి పడిపోయే పిల్లకు ఒకరోజు హోల్టర్ పెడితే ఆ రోజే పడే అవకాశం తొంభైలో ఒకటి. యూరప్ గుండె వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో ఈ లెక్కే సూత్రమైంది. వారానికోసారైనా పడుతుంటేనే హోల్టర్. నెలలోపు మళ్లీ వస్తుందనుకుంటే రెండు వారాలు అంటించే ప్యాచ్ లేదా ఒంటిపైన ఉండే లూప్ రికార్డర్. ఇంకా అరుదుగా వస్తూ, కారణం తేలకపోతే చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్, అదే ఐఎల్ఆర్. 2014లో వచ్చిన చిన్న రకం పొడవు నాలుగున్నర సెంటీమీటర్లు, మందం నాలుగు మిల్లీమీటర్లు. ఎడమ ఛాతీ దగ్గర చర్మానికి మత్తిచ్చి నిమిషాల్లో దూర్చేస్తారు. సుమారు మూడేళ్లు కాపలా కాస్తుంది. తొంభైలో ఒక అవకాశం కాస్తా మూడేళ్లలో పన్నెండు అవకాశాలవుతుంది. ఖరీదైనది, నిజమే. గోదావరి జిల్లాల కుటుంబాలు ఇందుకోసం ఎక్కువగా విశాఖ, విజయవాడ, హైదరాబాద్ వైపే చూస్తున్నాయి. కాబట్టి అందరికీ అక్కర్లేదు. మాటిమాటికీ ఒకరోజు హోల్టర్లు పెట్టించి డబ్బు తగలేసే కంటే, అవసరమైన ఒక్కరికి ఇది పెట్టడం మేలు.

ఈ పరికరాలన్నీ వెతికేది ఒకే జోడీని: పడిపోయిన క్షణం, ఆ క్షణంలోని లయ. రెండూ ఒకే కాగితం మీద పడితేనే తీర్పు. పడిపోయిన క్షణంలో గుండె చక్కగా కొట్టుకుందని రికార్డయితే అంతకంటే మంచి వార్త లేదు. ఆ పడిపోవడం లయ తప్పి వచ్చింది కాదు. పడకుండా ఉన్న రోజున గుండె బాగుందనడం మాత్రం వార్తే కాదు. దీన్ని రోగులకు విడమరిచి చెప్పే తీరిక మన ఓపీల్లో లేకపోవడమే ఇంత అయోమయానికి మూలమని నా అభిప్రాయం.

స్మార్ట్‌వాచ్‌ల సంగతి క్లుప్తంగా. ఒక లీడు, ముప్పై సెకన్లు. వాచీ మీద వేలుపెట్టి కూర్చోగలిగితే స్పృహలో ఉన్నట్టే కదా, కాబట్టి పడిపోయే క్షణాన్ని అది పట్టడం కష్టం. గుండె దడ వచ్చినప్పుడు మాత్రం పనికొస్తుంది. వాచీ కంటే ప్రతి ఇంట్లో ఉన్న ఫోనే నయం. మొదటిసారి కాకుండా మళ్లీ పడుతున్న పిల్లాణ్ని, పక్కన సాయానికి ఇంకొకరు ఉంటే, వీడియో తీయండి. కళ్లు, ముఖం రంగు, చేతులు కనబడాలి. పన్నెండు లీడ్ల ఈసీజీ తర్వాత డాక్టరుకు అంతగా ఉపయోగపడేది ఇదే.

జబ్బు తేలాక చేసేది ఆశ్చర్యపోయేంత సులువుగా ఉండొచ్చు. మామూలు శోషకు నీళ్లు, బీపీ లేనివాళ్లకు ఉప్పు, ముందు సూచన రాగానే కాళ్లు మెలివేసి బిగించడం, పిడికిళ్లు గట్టిగా పట్టడం. 2006లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఈ బిగింపులు నేర్చుకున్నవాళ్లలో 32 శాతం మంది మళ్లీ పడిపోతే, నేర్చుకోనివాళ్లలో 51 శాతం మంది పడిపోయారు. పైసా ఖర్చు లేని వైద్యం. దీర్ఘ క్యూటీలో ఎక్కువమందికి రోజూ ఒక బీటా బ్లాకర్ మాత్ర, ఒంటరిగా ఈతకు దిగకపోవడం, కొన్ని మందులు మానుకోవడం. ఆ కొన్ని మందులే మన ఊళ్లలో సమస్య. వాంతులకు ఓండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్, కడుపుబ్బరానికి డోంపెరిడోన్, గొంతునొప్పికి అజిత్రోమైసిన్. ఆర్‌ఎంపీ నుంచి మెడికల్ షాపు దాకా ఎవరూ వెనకాడకుండా ఇచ్చేవి. మామూలు పిల్లలకు వీటితో భయం లేదు. ఈ జబ్బున్న పిల్లకు విరేచనాలై పొటాషియం పడిపోయినప్పుడు ఇవి తోడైతే ప్రాణాంతకం. అందుకే వాడకూడని మందుల పేర్లు కాగితం మీద రాయించుకుని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

పిల్లలందరికీ బడిలోనే ఈసీజీ తీసేస్తే పోలేదా అన్న వాదన ఒకటుంది. ఇటలీ 1982 నుంచి పోటీ క్రీడాకారులందరికీ తప్పనిసరి చేసింది. వెనెటో ప్రాంతంలో ఆటగాళ్ల ఆకస్మిక మరణాలు ఏడాదికి లక్షకు 3.6 నుంచి 0.4కు తగ్గాయని 2006లో ప్రకటించారు. ఇజ్రాయెల్‌లో అదే పద్ధతి ఫలితం చూపలేదన్న వాదనా వచ్చింది. 2021 యూరో కప్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలో కూలిపోయాడు. ఎప్పటికప్పుడు పరీక్షలు జరిగే స్థాయి ఆటగాడు. బతికించింది పాత పరీక్షలు కాదు, అక్కడికక్కడ ఛాతీ నొక్కిన చేతులు, పక్కనే ఉన్న షాక్ యంత్రం. ఇక్కడ 2023 జనవరి 27న కుప్పం పాదయాత్రలో సినీనటుడు నందమూరి తారకరత్న కుప్పకూలాక ప్రతి యువకుడూ ఈసీజీకి పరుగెత్తాడు. అది గుండెపోటు, మనం మాట్లాడుకుంటున్న లయ జబ్బులు వేరు. అందరికీ ఈసీజీ తీస్తే, దాన్ని సరిగా చదివే కళ్లు చాలక, లేని జబ్బులతో ఇళ్లు నిండుతాయి. పడిపోయినవాడికి మాత్రం తీయకపోవడం క్షమించరానిది.

ఆ చదివే కళ్ల కొరత తీరే మార్గం మన దగ్గరే ఉంది. గుండెపోటు కోసం పెట్టిన స్టెమీ పథకంలో చిన్నాసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరు చూసే ఏర్పాటు జరిగింది. అదే తీగ మీద ముప్పై ఏళ్లలోపు వయసులో పడిపోయినవాళ్ల ఈసీజీలు కూడా పంపాలి. కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఒక ఆర్డరు చాలు. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలలు, కాకినాడ రంగరాయ ఈ పని తలకెత్తుకోగలవు.

ఇంట్లో మీరు చెయ్యాల్సింది ఒకటుంది. ఈసీజీ అచ్చయ్యేది థర్మల్ కాగితం మీద. ఎండకు, ప్లాస్టిక్ కవర్లో వేడికి ఆ గీతలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి. తీసిన రోజే ఫోటో తీసి, జిరాక్స్ చేయించి, తేదీ, అప్పుడు వాడుతున్న మందులు దాని మీద రాసి దాచండి. రెండేళ్ల తర్వాత ఏ డాక్టరైనా ముందుగా అడిగేది ఆ కాగితాన్నే.